ఫ్యాను ఆపిన పాట

దిల్‌సుఖ్‌నగర్‌లో హెల్మెట్లు అమ్మే మహిపాల్ కోపమొస్తే బల్ల మీద వేళ్లతో దరువేస్తాడు. ఒకప్పుడు కర్మన్‌ఘాట్ ర్యాప్ జట్టులో గట్టి గొంతు అతనిదే. తొలి ఆల్బమ్ వాళ్లింట్లోనే, చప్పుడు పడకుండా ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ రికార్డు చేశారు. పాట మధ్యలో తల్లి సత్తెమ్మ దూసుకొచ్చి, “గింత ఉక్కల సస్తార్రా?” అని ఫ్యాను వేసింది. ఆ తిట్టును పాటలోనే ఉంచేశారు. జనం నోటికి అదే ఎక్కింది.

సత్తెమ్మ పోయాక, జట్టులోని చంటి ఆ ఆల్బమ్‌కు మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేశాడు. అందులో అమ్మ తిట్టు లేదు. మహిపాల్ ఫోన్ చేస్తే, “చప్పుళ్లన్నీ తీయించేశాను రా, ఎంత నీట్‌గా ఉందో!” అన్నాడు చంటి.

“గా చప్పుడు చేతి బువ్వ తినే గదరా పాడినవ్!”

ఫోన్ విసిరేసి, దుకాణంలో ఫ్యాను ఆపి, పాత సీడీ పెట్టాడు. ఉక్కకు కొనడానికి వచ్చినవాళ్లు ఎంత సణిగినా, అమ్మ తిట్టేదాకా ఫ్యాను వేయలేదు.