స్టీరింగ్ లేని వైపు

డిపోలో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ ఆయన నిదానం బాబాయే. బస్సు వెనక నిదానమే ప్రధానం అని రాయించేవాళ్లు చాలామంది ఉంటారు గానీ, ముందు సీట్లో కూర్చుని దాన్ని పాటించేవాడు ఈయనొక్కడేనని మెకానిక్కులు నవ్వుకునేవారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన బస్సు కింద కోడిపిల్ల కూడా పడలేదు. ఆయన డ్యూటీలో ఉన్నాడంటే ప్రయాణికులు టికెట్ తీసుకోగానే తలవాల్చి నిద్రపోయేవారు. నెలలు నిండిన ఆడవాళ్లయితే ఆయన బస్సు ఎప్పుడో కనుక్కుని మరీ ప్రయాణం పెట్టుకునేవారు.

అంతటి మనిషికి ఒక్కటే తిక్క. ఇంకొకరు నడిపే బండి ఎక్కడు.

ఎక్కడంటే ఎక్కడు. తోడల్లుడు కొత్త కారు కొని, ఊరంతా తిప్పుతానంటూ గుమ్మం ముందుకు తెచ్చి హారన్ మోగిస్తే, ఈయన బయటికి వచ్చి, కారు చుట్టూ తిరిగి, టైర్లు నొక్కి చూసి, “బాగుంది” అని లోపలికి వెళ్లిపోయాడు. బంధువుల ఊళ్లకి రైలుంటే వెళ్లేవాడు. దానికి పట్టాలున్నాయి కాబట్టి ఎటూ పోదని ఆయన లెక్క. రైలు లేని ఊళ్లకి భార్య ఒక్కతే వెళ్లొచ్చేది, లేదంటే మానుకునేది. మానుకున్నవే ఎక్కువ. “మీ ఆయన ఎందుకు రాలేదు?” అని ఎవరైనా అడిగితే, “ఆయనకి గర్వమండీ, తనకంటే బాగా నడిపేవాడు ఇంకా పుట్టలేదని” అనేది. ఆ మాట చుట్టాలందరిలో పాకింది. ఆయనా కాదనలేదు.

నిజానికి గర్వం ఆయన ఒంట్లో వీసమెత్తు లేదు. మీసాలు సరిగ్గా రాని వయసులో ఆయన లారీ క్లీనరుగా చేరాడు. పని నేర్పిన డ్రైవరు కన్నకొడుకులా చూసుకునేవాడు. ఒక తెల్లవారుజామున “కాసేపు పడుకోరా, సరుకు దింపేటప్పుడు లేపుతాలే” అన్నాడు. వీడు పడుకున్నాడు. కళ్లు తెరిచేసరికి లారీ చేలో పక్కకి ఒరిగి ఉంది. లేపుతానన్న మనిషి ఇక లేడు. ఆ తర్వాత వీడూ డ్రైవరయ్యాడు. ఏదో ముచ్చటపడి అయింది కాదు. బండిలో భయం లేకుండా కూర్చోగలిగిన చోటు ఇక ఆ ఒక్క సీటే మిగిలింది.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న భార్యకి కూడా.

రిటైరైన కొత్తలో పరాయి దేశం నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. ఏడాది కిందట జబ్బు చేసి ఆమె భర్త పోయాడు. ఒక్కతే ఉంటోంది. నడవలేని పెద్దవాళ్ల ఇళ్లకి వెళ్లి స్నానాలు చేయించి, మందులిచ్చి వచ్చే ఉద్యోగం ఆమెది. భర్త ఉన్నన్నాళ్లూ ఆయనే కారులో దింపి తెచ్చేవాడు. ఇప్పుడు కంపెనీవాళ్లు సొంతంగా కారు నడపగలిగితేనే ఉద్యోగం అన్నారు. డ్రైవింగ్ పరీక్షకి ఇప్పటికే రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ పెద్ద రోడ్డు ఎక్కే చోట కాళ్లూ చేతులూ ఆడక బండి ఆపేసింది.

“ఇంకొక్కసారే అవకాశం ఇస్తారట అన్నయ్యా. ఈసారి కూడా పోతే ఉద్యోగం పోయినట్టే. మూటాముల్లె సర్దుకుని వచ్చి మీ ఇంట్లో ఓ మూల పడుండాలి.”

“మా ఇల్లు నీది కాదేంటే?”

“నాదే అన్నయ్యా, కాదనను. అయినా నాకు నాదంటూ ఒకటి ఉండాలని. నువ్వొచ్చి పక్కన కూర్చో. భయమంటే ఏంటో తెలియనివాడివి. నువ్వు పక్కనుంటే నడుపుతాను.”

పక్కన కూర్చోవడం! అయినా ఆయన “వస్తాలే” అన్నాడు. ఫోన్ పెట్టేశాక గానీ తను ఏమన్నాడో తనకే అర్థం కాలేదు. ఆ దేశంలో చెల్లేలా లైసెన్సు కాగితం చేయించుకుని, భార్య సర్దిన పెట్టె పట్టుకుని విమానం ఎక్కాడు.

విమానంలో పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. నడిపేవాడు కనపడడు, రోడ్డు కనపడదు. పక్క సీటాయన మన భాషవాడేనని తెలిసి, “ఏమండీ, ఈ డ్రైవరు రాత్రి సరిగ్గా పడుకున్నాడంటారా?” అని అడిగాడు. అడగకపోయినా బాగుండేది. ఆ పెద్దమనిషి అప్పటిదాకా హాయిగా ఉన్నవాడు, అక్కణ్ణించి తనూ మేలుకునే కూర్చున్నాడు.

అక్కడికి వెళ్లాక ఇంకో వింత. రోడ్డుకి మనం వెళ్లే పక్కన అక్కడ ఎదుటివాళ్లు వస్తారు. కారులో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. అంటే జీవితమంతా ఆయన కూర్చున్న కుడివైపే కూర్చున్నాడు, ఎదురుగా మాత్రం స్టీరింగ్ లేదు. చేతులు గాలిలోకి లేచేవి. పట్టుకోడానికి ఏమీ దొరక్క మళ్లీ ఒళ్లో పడేవి.

మొదట దుకాణాల వెనక ఖాళీ స్థలంలో, తర్వాత ఇళ్ల మధ్య సందుల్లో తిప్పించాడు. చెల్లెలికి చెయ్యి తిరగకపోలేదు. తిప్పడం, ఆపడం, వెనక్కి తీయడం అన్నీ వచ్చు. అసలు తంటా గురువుగారితోనే. ఎదురుగా సైకిలు కనపడితే చాలు, చెయ్యి చాచి స్టీరింగ్ పట్టేసుకునేవాడు. డిపోలో కొత్తవాళ్లకి ఎంతో ఓర్పుగా నేర్పిన మనిషి ఇక్కడ కసురుకోవడం మొదలుపెట్టాడు. డిపోలో ఆయన నేర్పేటప్పుడు బండి ఆవరణ దాటేది కాదని, మనిషి నడకంత వేగంతో పోయేదని ఆయన మరిచిపోయినట్టున్నాడు. ఒకరోజు నాలుగు రోడ్ల కూడలిలో అలాగే లాగేసరికి చెల్లెలు బండి పక్కకి తీసి ఆపి, కళ్లనీళ్లు పెట్టుకుంది.

“నువ్వు కూడా నన్ను నమ్మట్లేదు.”

“నీ మీద నమ్మకం లేక కాదే...” అన్నాడు.

పరీక్షకి ముందు రోజు పెద్ద రోడ్డుకి బయల్దేరారు. అది ఎక్కగలిగితే పరీక్ష గట్టెక్కినట్టే, ఎక్కలేకపోతే వెళ్లడం కూడా దండగే. సన్నగా వాన పడుతోంది. పెద్ద రోడ్డులో కలిసే చోటికి కాస్త ముందు, అంచున ఉన్న ఖాళీ జాగాలోకి తీసి చెల్లెలు బండి ఆపేసింది. పక్కనించి లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా కారు ఊగుతోంది.

“నా వల్ల కాదన్నయ్యా. నువ్వు ఇటు రా. నువ్వే ఇంటికి తీసుకెళ్లు.”

ఆ మాట ఆయన చెవికి అమృతంలా సోకింది. దిగి, అటు తిరిగి, ఆ సీట్లో కూర్చుంటే చాలు, గుండె దడ ఆ క్షణమే ఆగిపోతుంది. చెయ్యి తలుపు మీదకి వెళ్లింది కూడా. కానీ ఆయన ఎంతమందికి నేర్పాడు! మధ్యలో భయపడి సీటు వదిలినవాడు మళ్లీ ఆ సీటు ఎక్కలేదని ఆయనకి బాగా తెలుసు. తను అటు వెళ్తే ఆమె ఇటు వచ్చి కూర్చుంటుంది. ఇక ఎప్పటికీ ఇటే కూర్చుంటుంది, తనలాగే ఎక్కడికీ వెళ్లకుండా.

తలుపు మీది చెయ్యి తీసేశాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

“నేను రాను. నాకు భయంగా ఉంది.”

చెల్లెలు తల తిప్పి చూసింది. “నీకా?”

“నాకే. ఇంకొకరు నడుపుతుంటే నాకు ప్రాణాలు పోతాయే. ఈ వయసొచ్చినా తోడల్లుడి కారు కూడా ఎక్కలేదు నేను. నువ్వు పిలిచావని వచ్చాను గానీ, వచ్చిన రోజు నుంచీ ఇలాగే ఉంది.” లారీ సంగతి చెప్పాడు. పని నేర్పిన డ్రైవరు సంగతి చెప్పాడు.

“మరి అందరూ గర్వం అంటారేంటి?”

“అననీ. భయమనడం కంటే అదే మర్యాదగా ఉంది కదా అని ఊరుకున్నా.”

చెల్లెలికి ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో గానీ రెండూ కలిసే వచ్చాయి. “ఖర్మరా దేవుడా! భయం లేనివాడని నిన్ను ఇంత ఖర్చుపెట్టి పిలిపించానా!” కొంగుతో మొహం తుడుచుకుంది. “నాలాగే భయపడేవాడివని ముందే చెప్పుంటే నీ పక్కన ఇంత బిడియపడేదాన్ని కాదుగా అన్నయ్యా.”

“సరే, ఇప్పుడు చెప్పాగా. మా డిపోలో కొత్తవాళ్లకి ఒకటి నేర్పేవాళ్లం. కంటికి కనపడిందల్లా నోటితో పైకి అనాలి. నోరు ఆడుతుంటే చెయ్యి ఆగదు. ఇక కానివ్వు.”

చెల్లెలు అద్దంలో చూసింది. “ఎడమ అద్దంలో లారీ. వెళ్లిపోయింది. వెనక ఎర్ర కారు, దూరంగా ఉంది.”

“నాకు భయమేస్తోంది” అన్నాడు ఆయన, అదీ పైకే.

“నాకూ వేస్తోంది. సిగ్నల్ వేశాను. ఖాళీ వచ్చింది. వెళ్తున్నా.”

వెళ్లింది. పెద్ద రోడ్డు మీద ఆ వానలో అన్నాచెల్లెళ్లిద్దరూ కారులో ఒకరి మీద ఒకరు గొంతు చించుకుని అరుచుకుంటూ పోయారు. లారీ వస్తోంది! చూశాను! భయమేస్తోంది! నాకూ! పక్క బండ్లవాళ్లు ఎవరైనా చూసి ఉంటే కొట్టుకుంటున్నారనుకునేవారు. ఆయన చేతులు మాత్రం తొడల కిందనించి కదల్లేదు. పెద్ద రోడ్డు దిగి ఇంటి ముందు ఆగాక చూసుకుంటే వేళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి.

ధీరులూ శూరులూ ఎలా ఉంటారో నాకు తెలియదు, నేనెవరినీ చూడలేదు. వణుకుతున్న చేతుల్ని తొడల కింద పెట్టుకుని, ఈ వయసులో, తను ఎన్నాళ్లుగానో దాచుకున్న మాటని చెల్లెలి కోసం నోరు విప్పి చెప్పిన ఈ మనిషిని మించినవాళ్లయితే ఉంటారని మాత్రం అనుకోను.

మర్నాడు పరీక్షకి కారులో అధికారి, చెల్లెలు ఇద్దరే వెళ్లారు. ఆయన బయట బెంచీ మీద కూర్చున్నాడు. తిరిగొచ్చాక అధికారి మొహం చిట్లించి, ఈమె దారి పొడుగునా ఏదో భాషలో గట్టిగా మాట్లాడుతూనే ఉందని, అయినా బండి మాత్రం చక్కగా నడిపిందని చెప్పి సంతకం పెట్టాడు. ఆ వారమే ఆమె ఒంటరిగా పనికి వెళ్లింది. ఆయన కిటికీలోంచి, కారు మలుపు తిరిగేదాకా చూసి, కడుపు నిండా టీ తాగాడు.

తిరిగొచ్చిన రోజు భార్య ట్యాక్సీ మాట్లాడుకుని విమానాశ్రయానికి వచ్చింది. ముందు జాగ్రత్తగా డ్రైవరు చెవిన ఓ మాట వేసి ఉంచింది. “మావారు తాళాలడుగుతారు బాబూ. ఏమీ అనుకోకుండా ఇచ్చేయి.”

ఆయన తాళాలడగలేదు. పెట్టె డిక్కీలో పెట్టించి, వెనక తలుపు తీసి, భార్య పక్కన కూర్చున్నాడు. ఆవిడ వింతగా చూసింది. ట్యాక్సీ కదిలాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

“నీకో సంగతి చెప్పాలే. ఇన్నాళ్లూ నేను ఎవరి బండీ ఎక్కనిది గర్వంతో కాదు. భయంతో.”

“తెలుసు.”

“ఎవరు చెప్పారు? చెల్లాయి ఫోన్ చేసిందా?”

“ఒకరు చెప్పాలా? పెళ్లైన దగ్గర్నుంచీ నిద్రలో బ్రేకు తొక్కుతున్నారు. నా పిక్కలకి తెలియదా?”

“మరి తెలిసి, అందరితో గర్వమని ఎందుకు చెప్పావే?”

“భయమని చెప్పి మీ పరువు తీయమంటారా?” అని ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

ఈవిడ మానుకున్న పెళ్లిళ్లు, చూడని ఊళ్లు, తోడల్లుడి కారు వెళ్లిపోతుంటే గుమ్మంలో నిలబడి చూసిన చూపు, అన్నీ ఆయనకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కళ్లు తుడుచుకుని ముందుకి వంగాడు.

“బాబూ, ఇంటికి తిన్నగా వెళ్లకు. ఊరంతా ఒకసారి చుట్టి తీసుకెళ్లు. మా ఆవిడ చూడాలి.”