చట్రం వదిలేసి కొలిచిన రేడియేటరు

ఇంగ్లీషు వచ్చినవాడికి ఇంకేమీ రాకపోయినా పరవాలేదని మా మార్కాపురంలో అందరూ గట్టిగా నమ్మిన కాలమది. అప్పట్లో మాకు జిల్లా కర్నూలు, రాజధాని మద్రాసు, ఈ రెంటికీ ఇంగ్లీషులో ఉత్తరం రాయగలిగినవాణ్ని మా వీధి మొత్తానికి నేనొక్కణ్నే. ఎస్సెస్సెల్సీ రెండో దండయాత్రలో గట్టెక్కాను (మొదటి దండయాత్ర సంగతి ఇక్కడ అనవసరం). గట్టెక్కిన మర్నాటి నుంచే మా నాయన పలకల దుకాణంలో ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నా చేతికొచ్చాయి. ప్రతి ఉత్తరం చివరా సంతకం చేసి, కింద గీత గీసి, గీత కింద రెండు చుక్కలు పెట్టేవాణ్ని. ఆ చుక్కలెందుకని ఎవరూ అడగలేదు. అడిగివుంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అయితే నా మనసు మార్కాపురంలో లేదు. మద్రాసులో మా పలకలు అమ్మిపెట్టే ముసలాయన చూపు ఆనడం లేదని, ఇక మానుకుంటానని కబురు పెట్టాడు. ఆయన చోటికి మా ఇంట్లోంచి ఎవరో ఒకరు వెళ్లాలి. ఆ ఒకరూ నేనే కావాలని నాకు ప్రాణం కొట్టుకులాడుతూ ఉండేది. సముద్రం, ట్రాము బండ్లు, బల్ల మీదికి కాఫీ తెచ్చిచ్చే హోటళ్లు, ఇస్త్రీ చొక్కా, వీటన్నిటి మధ్యా నేను. నాయనను అడిగితే "చూద్దాంలే" అన్నాడు. మా నాయన మాటలను కూడా పలకల్లాగే చూసి చూసి, పగుళ్లు లేవనుకున్నాకే బయటికి పంపేవాడు.

ఇంతలో మా ఇంటికి కారొచ్చింది. గిద్దలూరులో అడవి పని చూసే దొర ఒకాయన ఇంగ్లండుకు వెళ్లిపోతూ తన బుడ్డ కారును అమ్మేస్తుంటే నాయన కొన్నాడు. నలుగురు కూర్చునే కారని దొర చెప్పాడట. ఆ నలుగురూ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మావాళ్లలో అయితే ఇద్దరు మనుషులు, ఒక మూట పట్టేంత చోటుండేది. కారుతోపాటు దాన్ని నడిపే ఆయన కూడా వచ్చాడు. ముందువైపు హ్యాండిలు పెట్టి తిప్పి తిప్పి స్టార్టు చేసేవాడు గనక ఊరంతా ఆయన్ని హ్యాండిలు మామ అనేది. చదువు లేదు. కారు గురించి తెలియనిదీ లేదు. ఈ రెండు సంగతుల్లో నేను మొదటిదొక్కటే పట్టించుకున్నాను.

కారుకు అంతా బాగానే ఉంది గానీ రేడియేటరు కారేది. మామ చిల్లులకు బార్సబ్బు మెత్తేవాడు, లోపల సజ్జపిండి పోసేవాడు. పిండి ఉడికి చిల్లుల్లో బిగుసుకుంటే నాలుగు మైళ్లు నడిచేది. ఒకసారి పెద్దారవీడు దగ్గర మూత ఎగిరిపోయి, పొగతోపాటు ఘుమఘుమా వాసన కూడా వస్తే, చేలో కలుపు తీస్తున్న అవ్వ ఒకామె గట్టు మీదికొచ్చి నిదానంగా చూసి, "ఏం నాయనా, సంగటి బండిలోనే వండుకుంటున్నారా?" అనింది. నాయన పంచె మీద ఆ సంగటి పడి ఉంది. ఆయన అక్కణ్నుంచి ఇంటికి నడిచే వచ్చాడు.

వస్తూనే నన్ను పిలిచాడు. "ఇంక మాట్లు పెట్టేదానికి దాంట్లో చోటు లేదు. మద్రాసుకు రాసి కొత్తది తెప్పించు. ఈ పని సక్రమంగా చేసినావంటే నీ మద్రాసు సంగతి మాట్లాడదాం" అన్నాడు. నాకు అప్పటికే ట్రాము గంట వినిపించింది.

కొలతలు తీసుకోవడానికి టేపు పట్టుకుని వెళ్లేసరికి మామ రేడియేటరు విప్పి, వరండాలో గోడకు ఆనించి ఉంచాడు. "అల్లుడా, కొలతలూ గిలతలూ ఎందుకు? దీన్నే గోనెలో కట్టి రైల్లో పంపు. వాళ్లు చూసి దీని జోడీది ఇస్తారు. పైగొట్టం ఏ పక్కకుండాది, బోల్టు బొక్కలు యాడుండాయి, ఇయన్నీ కాగితం మీద కుదరవు" అన్నాడు. నిజం చెబుతున్నాను, నాకు ఒళ్లు మండింది. పాత సామాను గోనెలో కట్టి పంపడానికి ఇంగ్లీషు ఎందుకు? ఆ పని ఎవడైనా చేస్తాడు. అప్పుడు మద్రాసుకు కూడా ఎవడినైనా పంపొచ్చు. "మామా, నువ్వు తిప్పేది హ్యాండిలు, నేను తిప్పేది కలం. ఎవరి పని వాళ్లు చేద్దాం" అన్నాను. (ఇది అప్పుడు చాలా గొప్ప మాటనిపించింది. ఆ సాయంత్రం ఇద్దరు ముగ్గురికి నేనే చెప్పుకున్నాను కూడా.)

గోడకు ఆనించిన ఆ వస్తువును కాసేపు చూశాను. చుట్టూ ఇత్తడి చట్రం, మధ్యలో తేనెపట్టులా జాలీ. పలకల ఇంట్లో పుట్టినవాడికి అది పలక కాక మరేమిటి? మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. పలక కొలత అంటే రాయి కొలతే. చుట్టూ ఉన్న చెక్క చట్రం లెక్కలోకి రాదు. పిల్లవాడు రాసేది రాయి మీద, చట్రం మీద కాదని మా తాత కాలం నుంచి వస్తున్న మాట. ఊహ తెలిసినప్పటి నుంచి నా చేతులు అలాగే కొలిచాయి. ఆ రోజూ అలాగే కొలిచాయి. జాలీ వెడల్పు, జాలీ ఎత్తు. ఇత్తడిని నా టేపు తాకనైనా తాకలేదు. అరంగుళం కూడా తేడా రాకూడదని మూడుసార్లు కొలిచాను.

ఆ కొలతలతో రాసిన ఉత్తరానికి పది రోజులకు మద్రాసులోని కారు సామాన్ల దుకాణం నుంచి జవాబొచ్చింది. ఈ కారుకు రెండు రకాల రేడియేటర్లున్నాయట. మొదటి ఏళ్లలో వచ్చిన బండ్లకు చిన్నది, తరువాతి వాటికి పెద్దది. మీరు రాసినది అంచులతో కలిపి పూర్తి కొలతే అయితే మీకు చిన్నది సరిపోతుంది, పూర్తి కొలతేనా, పైగొట్టం ఎటువైపు ఉంది, బండి ఏ ఏటిది, దయచేసి తెలుపగలరు, వీలైతే పాతదాన్నే పంపగలరు అని మర్యాదగా రాశారు. ఇంతకన్నా విడమరచి ఎవరూ అడగలేరు. నేను మాత్రం దాన్ని అవమానం కింద లెక్కగట్టాను. మాది కొలతల మీదే బతికే కుటుంబమనీ, మా కొలతను ఇంతవరకూ ఎవరూ శంకించలేదనీ, వెంటనే సరుకు పంపవలసిందనీ ఒక పేజీ నిండా రాశాను. పైగొట్టం సంగతి రాయలేదు. పేజీలో చోటు చాలలేదు. గీతా, రెండు చుక్కలూ మాత్రం పట్టాయి.

పార్సిలు మార్కాపూర్ రోడ్డు స్టేషన్లో దిగింది. మామ ఎద్దులబండి కట్టుకుని పోయి సాయంత్రానికి తెచ్చాడు. "పెట్టె కొంచెం చిన్నగుండాదే" అన్నాడు. నేను వినిపించుకోలేదు. తెల్లవారి మంచి గడియ చూసి విప్పుదామన్నారు. ఇంటి ముందు వీధంతా చేరింది. లోపల అమ్మ మురుకులు వత్తుతోంది. పండగా పబ్బమూ లేని రోజున మురుకులెందుకా అని ఒక్క క్షణం అనుకుని, నా రేడియేటరు రాకకేనని తేల్చుకుని మురిసిపోయాను. పెట్టె విప్పారు. బంగారంలా మెరిసిపోతోంది. నాయన టెంకాయ కొట్టాడు. మామ దానికి కుంకుమ పెట్టి, రెండు చేతులా ఎత్తి, కారు మూతి దగ్గర పట్టుకున్నాడు.

ఇటు బెత్తెడు, అటు బెత్తెడు ఖాళీ. మామ దాన్ని ఎడమకు జరిపితే కుడిపక్క చెయ్యి దూరేంత సందు. కుడికి జరిపితే ఎడమపక్క. పైగొట్టం సంగతి చెప్పనక్కర్లేదు, అది రెండో వైపుంది. మామ నా వైపు చూడకుండా దాన్ని నిదానంగా కింద పెట్టాడు. ఆ చూడకపోవడం చూస్తే ఇంత కోపమొచ్చింది నాకు.

"ఏంది ఇది?" అన్నాడు నాయన.

ఆ క్షణంలో నా బుర్ర పనిచేసినంత చురుగ్గా పరీక్ష హాల్లో పనిచేసి ఉంటే మొదటి దండయాత్రలోనే గట్టెక్కేవాణ్ని. "నాయనా, పలకను మనం ఎట్ల కొలుస్తాం? రాయినా, చట్రాన్నా?" అన్నాను.

"రాయిని."

"నేనూ రాయినే కొలిచినా. వాళ్లు చట్రంతో కలిపి లెక్కేసుకున్నారు. మద్రాసోళ్లకు కొలత తెలియకపోతే నేనేం చేసేది?"

వీధిలో ఇద్దరు తలలూపారు. నాకు ధైర్యమొచ్చింది.

"అట్లనా. అయితే తప్పు వాళ్లదంటావు" అన్నాడు నాయన.

"వాళ్లదే నాయనా."

"నీదేం లేదా?"

"ఏమీ లేదు."

నాయన నా మొహంలోకి కొంచెం ఎక్కువసేపే చూశాడు. "సరే. తప్పు వాళ్లదైతే మార్చుకొచ్చే పని మనకెందుకు? వాళ్లే వస్తార్లే" అని పైకండువా దులుపుకుని, "కొలత తెలియని ఊర్లో నువ్వు మాత్రం ఏం చేస్తావు. ఈడనే ఉండు" అనేసి లోపలికి వెళ్లిపోయాడు. వాదన నేనే గెలిచాను. ఊరంతా సాక్షి. మద్రాసుకు మా బావ వెళ్లాడు, ఇంగ్లీషులో సంతకం తప్ప ఇంకేమీ రాని మా బావ.

మద్రాసు దుకాణంవాళ్లు రాలేదు. ఎందుకొస్తారు? చివరికి మా పలకలకు చట్రాలు చేసే వడ్రంగి పెద్దన్నే వచ్చి, అదే చెక్కతో ఆ రేడియేటరు చుట్టూ బెత్తెడు వెడల్పున చట్రం బిగించాడు. గొట్టాన్ని సైకిలు ట్యూబుతో వంకర తిప్పి మామ అతికించాడు. ఆనాటి నుంచి అది పలక కారైంది. త్రిపురాంతకం పోయేలోపు మూడుచోట్ల ఆపి నీళ్లు పోయాల్సి వచ్చేది. ఆపిన ప్రతిచోటా పిల్లలు చేరి, "దీనిమీద అఆలు ఎవరు దిద్దుతారన్నా?" అని అడిగేవాళ్లు. నన్నే అడిగేవాళ్లు.

చాలా ఏళ్లకు ఆ కారును పాత ఇనుముకు వేసేశాం. బండివాళ్లు దాన్ని లాక్కుపోతుంటే చెక్క చట్రం ఊడి వీధిలో పడింది. నాయన దాన్ని తీసి గోడకు ఆనించి, ఉన్నట్టుండి, "ఆ పార్సిలు చిన్నదని ముందురోజే మామ చెప్పినాడులే నాకు" అన్నాడు. "కొలత ఎవరికైనా తప్పుతాది. తప్పు నాదే నాయనా అని ఆ పొద్దు ఒక్క మాట అంటావని చూసినా. అనింటే దాన్ని మార్చుకొచ్చేదానికి నిన్నే పంపిచ్చి, ఆడనే ఉండిపొమ్మందామనుకున్నా. అంగట్లో కూర్చునేటోనికి ఆ మాట రావాల. అది రానోణ్ని అంత దూరం ఎట్ల వదిలేది?" అని, చట్రం మీది దుమ్ము దులిపి, "మీ అమ్మ దారికని మురుకులు గూడా చేసింది" అన్నాడు.

ఎన్నడూ చూడని ట్రాములన్నీ ఆ వీధిలోంచే వెళ్లిపోయినట్టనిపించింది. ఇప్పుడు మాత్రం సంతకం కింద చుక్కలు పెట్టుకునే ఆ కుర్రాణ్ని తలుచుకుంటే కోపం రాదు, నవ్వే వస్తుంది. అప్పట్లో ఆ మురుకులు మూడు రోజులపాటు నేనే తిన్నాను. ఈసారి ఉప్పు కాస్త ఎక్కువైందని అమ్మను ఎత్తిపొడిచాను కూడా.