గాజులు తొడిగిన అరుగు

మా ఊళ్ళో చూడటానికి ఏముందని బయటివాళ్ళు అడిగితే చప్పున ఏం చెప్పాలో తోచేది కాదు. కనిగిరి వెళ్తే కొండ మీద పాతకోట ఉంది. మంగళగిరి వెళ్తే గుడి ఉంది, మగ్గాల మీద చీరలున్నాయి. పత్తి చేలకీ మిరప చేలకీ నడుమ ఉన్న మా ఊళ్ళో ఉన్నదల్లా ఒక బజారు. బస్సులు ఆగే చోటు నుంచి రైసు మిల్లు దాకా, నడిస్తే పది నిమిషాలు. అయితే ఆ బజారును పది నిమిషాల్లో దాటిన మనిషిని ఎనభైల మొదట్లో నేను చూడలేదు.

అందుకు కారణం అరుగులు. ప్రతి కొట్టు ముందూ నాపరాళ్ళు పరిచిన అరుగు ఉండేది. గడప లోపలిది కొట్టు యజమానిది, అరుగు మాత్రం బజారుది. ఇది ఎవరూ కాగితం మీద రాసుకున్న మాట కాదు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆసుపత్రికో, తాలూకా ఆఫీసుకో వచ్చినవాళ్ళు మొదట కనిపించిన అరుగు మీద సంచీ పడేసి తమ పని మీద వెళ్ళిపోయేవారు. ఆ సంచీని సాయంత్రం దాకా కొట్టాయన కనిపెట్టుకుని ఉండేవాడు. ఎవరిదని అడిగే ఆచారం లేదు. మాఘ, ఫాల్గుణాల్లో మిరపకాయల బస్తాల బళ్ళు బజారులోంచి పోతుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా వరసగా తుమ్మేవారు. మొదట తుమ్మినవాడిని మిగిలినవాళ్ళు పట్నం మనిషివని ఎగతాళి చేసి, ఆ వెంటనే తామూ తుమ్మేవారు.

ఆ రోజుల్లో నేను ఒక దినపత్రికకు ఊరి విలేకరిని. రాసిన వార్తలు కవరులో పెట్టి మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికిస్తే సాయంత్రానికి పట్నం చేరేవి. మర్నాడు తొలి బస్సుకు పేపరు దిగేది. వార్త లేని రోజున బజారులో ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగేవాణ్ణి. కాఫీ హోటలాయన నా ముఖం చూసి పసిగట్టేవాడు.

"ఇయ్యాల ఏం దొరకలేదా? పోనీ మా ఇడ్లీ మీద రాయండి."

"మీ ఇడ్లీ వార్త కాదండీ, ప్రమాదం."

ఇలా ఉండేవి మా పొద్దుటి పలకరింపులు.

బట్టల కొట్టు అరుగుకు తూర్పు కొసన గాజులమ్మే పెద్దావిడ కూర్చునేది. నేను పెద్దమ్మా అనేవాణ్ణి, ఆవిడ నన్ను అబ్బాయ్ అనేది. పక్కన ఒక రేకు పెట్టె, వెనక గోడకు కట్టిన తాటాకు చూరు, ముందు నీళ్ళ గిన్నె. భర్త పోయిన ఏడాది నుంచీ ఆవిడ చోటు అదే. బట్టల కొట్టాయన అద్దె అడగలేదు. ఆయనింట్లో ఆడపిల్లలకు పండగ గాజులు ఈవిడే తొడిగేది, అంతే.

మట్టిగాజులు తొడిగించుకోవడం నిలబడి చేసే పని కాదు. మనిషి స్థిమితంగా కూర్చోవాలి, చేతిని ఎదుటి మనిషికి పూర్తిగా వదిలెయ్యాలి. పెద్దావిడ ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి మొదలు నెమ్మదిగా నొక్కుతూ, ఎముక మెత్తబడిందనిపించాక ఒక్కో గాజూ ఎక్కించేది. డజను గాజులకు పావుగంట పట్టేది. ఆ పావుగంటలో పల్లెల ఆడవాళ్ళు ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనివి ఆవిడకు చెప్పుకునేవారు. మిరప కోతల్లో మండిన చేతులు, పత్తి తీతల్లో గీసుకుపోయిన వేళ్ళు ఆవిడకు తెలుసు. మగవాళ్ళం ఆ కొసకు వచ్చేసరికి అడుగు పెద్దది చేసి దాటిపోయేవాళ్ళం. అక్కడ నిలబడకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒక వేసవిలో వరసగా నాలుగు రోజులు వార్తల్లేవు. ఇలాంటప్పుడు విలేకరులందరికీ చేతిలో ఒక వార్త సిద్ధంగా ఉంటుంది: ఇరుకు బజారు, ప్రజల ఇక్కట్లు. కలం, కాగితం తీసి బయల్దేరాను. పేపరులో పడుతుందంటే మా బజారు వాళ్ళకు సరదా, నేనడిగిన వాడల్లా ఏదో ఒక ఇబ్బంది చెప్పాడు. హోటలాయన ఈగల గురించి చెప్పాడు. బట్టల కొట్టాయన ఎద్దుబళ్ళు అడ్డంగా నిలుపుతున్నారన్నాడు. పెద్దావిడ కూడా నన్ను పిలిచింది.

"అబ్బాయ్, ఆ బస్సోళ్ళు నా గాజుల మీద దుమ్ము కొట్టి పోతన్నారు. కాస్త నిదానంగా పొమ్మని రాయి. నా పేరు మాత్రం రాయమాక."

అన్నీ రాశాను. చివర ఒక వాక్యం మిగిలింది. అలాంటి వార్తలన్నిటికీ చివర ఉండే వాక్యమే అది. కోరిక లేకుండా వార్త ముగిస్తే పట్నంలో వార్తలు దిద్దే డెస్కు వాళ్ళు వెనక్కి పంపుతారు. బస్సు కదలబోతోంది. "అరుగులు తొలగించి రోడ్డును వెడల్పు చేయాలని వ్యాపారులు, చిరువర్తకులు ముక్తకంఠంతో కోరుతున్నారు" అని రాసి కవరు అంటించాను.

మర్నాడు వార్తను చుట్టూ గీతలు గీసి, పెట్టె కట్టి మరీ వేశారు. పెద్దావిడకు చదువు రాదు. తన మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. "గాజులు అమ్ముకునే ఒక వృద్ధురాలు దుమ్ముతో ఇబ్బంది పడుతున్నట్లు తెలిపారు" అన్న చోట నా వేలి పక్కన తన వేలు పెట్టింది. ఆ ఒక్క ముక్కా మూడుసార్లు చదివించుకుంది. ఆ కాగితం మడిచి గాజుల పెట్టెలో అడుగున దాచింది. చివరి వాక్యం నేను చదవలేదు, ఆవిడ అడగలేదు.

దీపావళి వెళ్ళిన తర్వాత పంచాయతీ అధికారి టేపు పట్టుకుని వచ్చాడు. అరుగుల మీద ఎర్రరంగుతో గీతలు పడ్డాయి. బజారు వాళ్ళు మూగి ఇదేమిటన్నారు. ఆయన కోపగించుకోలేదు. చంకలోని ఫైలు తీసి, అందులో అంటించిన నా వార్తను, చివరి వాక్యంతో సహా పైకి చదివాడు.

"మీరడిగిందేగా చేస్తున్నాం" అన్నాడు.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పేపరులో ఉందంటే తమలో ఎవరో అనే ఉంటారని అందరూ అనుకున్నారు. అలా అనలేదని గట్టిగా చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నేను ఆ గుంపు వెనక నిలబడి ఉన్నాను. నాకూ నోరు రాలేదు.

ఆ సాయంత్రం పెద్దావిడ నన్ను కేకేసింది.

"మళ్ళీ ఒక్కసారి రాయి అబ్బాయ్. దుమ్ము పడితే పడిందిలే, తుడుచుకుంటానని రాయి."

రాశాను. రెండుసార్లు పంపాను, పేపరులో రాలేదు. మూడోసారి బస్సెక్కి పట్నం వెళ్ళి డెస్కులో పెద్దాయనను కలిశాను. ఆయన చెడ్డవాడు కాడు, కాఫీ తెప్పించాడు. రోడ్డు వెయ్యమనడం వార్త, వేస్తే వార్త, దుమ్మున్నా ఫర్వాలేదనడం వార్త ఎలా అవుతుందని అడిగాడు. మొదటి వార్తలో తప్పు నాదేనని అక్కడైనా చెప్పి ఉండవలసింది. కాఫీ తాగి వచ్చేశాను.

పలుగులు పట్టుకుని కూలీలు వచ్చిన పొద్దున పెద్దావిడ దగ్గర ఒక నిండు చూలాలు కూర్చుని ఉంది. వేరే ఊరి నుంచి తల్లితో వచ్చింది. ఒక చేతికి గాజులు పూర్తయ్యాయి, రెండో చెయ్యి మొదలైంది. మేస్త్రీ దగ్గరకు వచ్చి చూసి, కానీయమ్మా అని పక్కకు వెళ్ళి బీడీ ముట్టించాడు. కూలీలు పలుగులు గోడకు ఆనించి కూర్చున్నారు. బజారు బజారంతా ఆ రెండో చెయ్యి కోసం ఆగింది. పెద్దావిడ తొందరపడలేదు. ఒక్కో గాజూ నీళ్ళలో ముంచి, నొక్కి, ఎక్కించింది. రెండు చేతులూ కలిపి ఒకసారి గలగలమనిపించి చూసుకుంది. అప్పుడు పెట్టె మూసి లేచింది. మధ్యాహ్నానికి అక్కడ రాళ్ళగుట్ట ఉంది.

రోడ్డు బాగానే వచ్చింది. బస్సులు ఆగకుండా పోసాగాయి. సంచీ పెట్టుకునే చోటు లేక పల్లెల వాళ్ళు పని చూసుకుని అటు నుంచి అటే వెళ్ళిపోయేవారు. పెద్దావిడ కొన్నాళ్ళు కొట్టు గోడ పక్కన ముక్కాలి పీట వేసుకుంది. బస్సుల మధ్య, అందరి కళ్ళ ముందూ చెయ్యి చాపి కూర్చోవడానికి ఆడవాళ్ళు రాలేకపోయారు. ఆ తర్వాత బుట్టతో ఊళ్ళ మీద తిరిగింది. మోకాళ్ళు మొరాయించాక మానేసింది.

ఏడాది దాటాక ఇంటికి వెళ్ళి చూశాను. మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, దగ్గరున్న రేకు పెట్టె తెరిచింది. గాజులు అయిపోయాయి. అడుగు నుంచి ఆ కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగింది.

"మొత్తం చదువు. ఆ రోజు ఆపీసరు చదివిన చివరి ముక్క కూడా."

చదివాను.

"ఆ అరుగులు తీసెయ్యమని నేనన్నానా అబ్బాయ్? అప్పటి నుంచీ గుర్తు చేసుకుంటన్నా. దుమ్మని అన్నట్టే గుర్తు. ఇంకేమన్నా నోరు జారానా?"

ఏడాదికి పైగా ఆ మనిషి మోస్తున్నది చోటు పోయిన బాధ ఒక్కటే కాదని నాకప్పుడు తెలిసింది.

"లేదు పెద్దమ్మా. నువ్వనలేదు. ఎవరూ అనలేదు. అది నేను రాసింది."

"ఎందుకు రాశావు?"

"అలా రాయడం అలవాటు."

తిడుతుందేమోనని, తిడితే బాగుండునని ఎదురుచూశాను. ఆవిడ కాగితాన్ని పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచింది. ఈసారి పెట్టెలో పెట్టలేదు. నా చేతిలో పెట్టింది.

"నేననలేదు గదా," అంది. "అది చాలు."