శామీర్‌పేట మూతి లారీ బేరం

బర్రెల బేరగాడి సలహా విని లారీ కొనబోయినవాడు ఎంత ఘోరంగా భంగపడతాడో తెలుసుకోవాలంటే ఇటు వచ్చి కూర్చోండి. నవ్వొస్తే ఆపుకోకండి. మా ఆవిడ ఇన్నేళ్లయినా ఆపుకోవడం లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గుండ్లపోచంపల్లిలో ఒక గోదాం గేటు దగ్గర గుమాస్తాని. వచ్చే లారీ నంబరు, పోయే లారీ నంబరు పుస్తకంలో ఎక్కించడం నా పని. ఆరేళ్లు ఆ పని చేసేసరికి లారీల గురించి నాకు తెలియనిది లేదన్న భ్రమ గట్టిగా కుదిరింది. గుడి ముందు చెప్పులు కాపలా కాసేవాడు తనకు వేదాలు వచ్చేశాయనుకున్నట్టన్నమాట. బానెట్ ఎత్తితే ఇంజను ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కూడా చెప్పలేను.

నా చిన్నతనంలో మేడ్చల్ దగ్గర ద్రాక్షతోటలో మా నాయిన కాపలా ఉండేవాడు. పండ్లు ఎత్తుకుపోవడానికి ఒక మూతి లారీ వచ్చేది. ఇప్పటి లారీల్లా చదును మొహం కాదు. ముందుకు పొడుచుకొచ్చిన పొడవాటి మూతి, దానికి చెరోపక్క కప్పకళ్లలాంటి లైట్లు. దాని మీద నాకున్న మోజు పెళ్లయి, ఒక కూతురు పుట్టినా తగ్గలేదు.

ఒకరోజు గేటు దగ్గర నంబరు రాయించుకుంటూ శామీర్‌పేట డ్రైవరు ఒకతను చెప్పాడు.

"అన్నా, మా ఊర్ల ఒక పెద్దమనిషి తాన పాత మూతి లారీ ఉన్నది. మిలిటరీ వేలంల కొని, కొత్తగ జేస్తనని మొదలువెట్టి సగంల ఇడిసిపెట్టిండు. అమ్ముతడంట."

ఆ తరువాత వచ్చిన నాలుగు లారీలకూ నేను ఒకే నంబరు రాశాను.

ఇంటికి పోయి మా ఆవిడ సరితకు విషయం చెప్పాను. అప్పట్లో మాది రేకుల ఇల్లు. వానొస్తే వంటింట్లో ఉండాల్సిన గిన్నెలన్నీ ఇల్లంతా పరుచుకునేవి. ఆ ఏడు ఎలాగైనా స్లాబు వెయ్యాలని పైసా పైసా దాచాం.

"స్లాబు పైసలతోని లారీ కొంటరా? వానొస్తే అందరం లారీల పండుదమా?" అంది సరిత.

"అట్ల గాదు. సినిమా తీసేటోళ్లకు కిరాయికిస్తం. పెండ్లి ఊరేగింపులకు ఇస్తం. ఒక్క ఏడాదిల రెండు స్లాబులేస్తం."

"నడుస్తదా అది?"

"నడిపిస్తం."

"ఇప్పుడు నడుస్తదా?"

"ఇప్పుడైతే... నిలబడ్తది."

సరిత నెత్తి కొట్టుకుంది. "పోయి సూసి రాండ్రి. ఒక్కలే పోకుండ్రి. మీ బావను దీస్కపోండ్రి. కొనుడు అమ్ముడు ఆయనకు ఎరుక."

ఇక్కడే, నా ప్రమేయం లేకుండా, నా కొంప మునిగింది.

మా అక్క భర్త నర్సింహ బావ మేడ్చల్ సంతలో బర్రెల బేరగాడు. బర్రె నోరు తెరవకముందే దాని వయసు చెప్పేవాడు. బస్సులో శామీర్‌పేట పోతున్నంతసేపూ నాకు పాఠం చెప్పాడు.

"బామ్మర్దీ, కొనేటోడు నవ్వొద్దు. బుంగెడు పాలిచ్చే బర్రెనైనా సరే, తోక పొట్టిగున్నదనాలె. వంక వెట్టినకొద్దీ అమ్మేటోడు మెత్తవడ్తడు. నీ కండ్లళ్ల మెరుపు గిట్ల కనవడ్డదో, ఇగ అయిపోయినట్టే!"

లారీ యజమాని ప్రకాశం సారు. మిలిటరీ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. చర్చి వెనకాల ఇల్లు. పెరట్లో ఇటుకల మీద నా కలల లారీ నిలబడి ఉంది. దాని మూతి మీదుగా కాకర తీగ పాకి, లైటు ఉండాల్సిన చోట కాయ కాసింది. టైర్లు లేవు. వెనక చెక్కబాడీకి ఎముకలే ఉన్నాయి, కండ లేదు. అయినా ఆ మూతి చూడగానే నా మొహం విచ్చుకుంది. బావ నా కాలు తొక్కాడు.

తరువాత ఆయన లారీ చుట్టూ తిరిగాడు. వెనకభాగాన్ని అరచేత్తో చరిచాడు. మూతి ముందు వంగి, జాలీ ఊచలు లెక్కపెట్టి, "ముంగటి పండ్లు రెండు లేవు," అన్నాడు. చివరికి ప్రకాశం సారు వైపు తిరిగి గంభీరంగా, "ఎన్ని ఈతలైనయి సారూ?" అని అడిగాడు.

"ఏందీ?" అన్నాడాయన.

"అంటే... ఎన్ని చేతులు మారింది అంటుండు," అని నేను సర్దాను. సర్దుతూనే నా గుమాస్తా కన్నుకు ఒక లోటు కనిపించింది. "సార్, డ్రైవరు దిక్కు డోరేది?"

ప్రకాశం సారు తలొంచుకున్నాడు. ఆయన భార్య కరుణమ్మ బాత్రూం వైపు చెయ్యి చూపించింది. బాత్రూంకి లారీ తలుపు! పైన అద్దం, దానికి రంగు, పక్కన తిప్పే హ్యాండిల్ అన్నీ ఉన్నాయి.

"ఊకెనే పడున్నదని పెట్టిచ్చిన బిడ్డా," అంది కరుణమ్మ. "గాలి ఆడకుంటె అద్దం కిందికి దించుకోవచ్చు."

"ఎందుకు ఇడిసిపెట్టిండ్రు సార్, పని?" అని అడిగాను.

"నేను, యాదగిరి అని నా దోస్తు, ఇద్దరం కల్సి మొదలువెట్టినం. నాలుగేండ్ల కింద ఆయన పోయిండు. అప్పటిసంది పానా పట్టబుద్ధయితలేదు. ఎదురుంగ ఉంటె పరేషాన్. ఎవలికన్న ఇచ్చేస్తె అయిపోతదనుకున్న."

'ఇప్పుడే తీసుకుంటాను సార్' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. బావ రెండో కాలు కూడా తొక్కాడు. నొప్పికి నోరు తెరిచిన నేను, అదే నోటితో వంకలు మొదలుపెట్టాను.

"ఎడమ లైటు లేదు. రేడియేటరుకు బొక్క వడ్డది. హారన్ లేదు. స్టీరింగు ఇటు తిప్పితే అటు కొట్టుకుంటాంది. మస్తు కష్టం సార్."

ధర దిగుతుందని ఎదురుచూస్తున్నాం. ప్రకాశం సారు లోపలికి పోయి సుద్దముక్క తెచ్చాడు. నేను చెప్పినవన్నీ లారీ పక్కరేకు మీద వరుసగా రాసుకున్నాడు. "మంచిగ జెప్పినవ్ బిడ్డా. గా స్టీరింగు సంగతి నేను సుత మర్శిన. మల్ల ఐతారం రా," అన్నాడు.

"మెత్తవడ్డడు!" అన్నాడు బావ బస్సెక్కుతూ.

మళ్లీ ఆదివారం పోయేసరికి కాకర తీగ లేదు. రేడియేటరు బొక్క మూసుకుపోయింది. స్టీరింగు ఎటు తిప్పితే అటే తిరుగుతోంది. ఈసారి నాకు కష్టమైంది. వెతికి వెతికి, "బ్రేకులు లేవు, బాడీకి చెక్కలు లేవు, డోరు సంగతైతే అడగనే వద్దు," అన్నాను. ఆయన సుద్దతో రాసుకున్నాడు. ఆ మరుసటి వారం ఆ పనులు మొదలయ్యాయి.

మీకు ఇప్పటికే సంగతి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. మూతి లారీ మోజు కళ్లను కప్పేస్తే ఏం కనిపిస్తుంది? పైగా నా లెక్క నాకుంది. రేపు ఎలాగూ నాదే అయ్యే బండి, ఆయన బాగుచేసినకొద్దీ నాకే కదా లాభం! అందుకని నేనే పాత ఇనుపసామాన్ల కొట్లన్నీ తిరిగి ఎడమ లైటు పట్టుకొచ్చి ఇచ్చాను. ఆదివారాలు బండి కింద దూరి, ఆయన అడిగిన పానా అందిస్తూ పడుకున్నాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను గ్రీజు తొక్కాను. అది కడిగినా పోలేదు.

బాత్రూం తలుపు ఊడదీసిన రోజు కరుణమ్మ నాకు చేసిన మర్యాద మాత్రం చెప్పి తీరాలి.

"నీ వంకల మీద మన్నువొయ్య! మంచిగున్న బాత్రూముకు పరదా కట్టిపిచ్చినవ్. స్నానం జెయ్యాల్నంటే భయమైతాంది!"

తప్పు నాదే కాబట్టి అల్వాల్‌లో రేకు తలుపు ఒకటి కొని, బస్సు మీదికి ఎక్కించి శామీర్‌పేట చేర్చాను. "ఇది ఏ బండి డోరు?" అని కండక్టరు అడిగాడు. "బాత్రూముది," అంటే నమ్మలేదు.

తలుపు బిగించాక కరుణమ్మ చల్లబడింది. జొన్నరొట్టె, కోడికూర పెట్టి, పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "నాలుగేండ్లు గా మనిషి కిటికీ కాడ కూసున్నడు బిడ్డా. పిలిస్తె పలుకకపోతుండె. ఇప్పుడు సూడు, పొద్దుగాల్నే లేస్తుండు. అన్నం రెండుమాట్ల అడుగుతుండు."

నాకు చాలా సంతోషం వేసింది. ఆ సంతోషంలో, అసలు కొనాలా వద్దా అన్న ప్రశ్నకు కూడా జవాబు దొరికింది. కొనాలి. స్లాబు వచ్చే ఏడు. సరితను ఎలా ఒప్పించానో అడగకండి. వారం రోజులు వంటగిన్నెలు నేనే తోమాను.

చివరి ఆదివారం ఇంజను స్టార్ట్ చేస్తారని కబురొచ్చింది. సరిత, పాప, బావ, నేను బయలుదేరాం. కొబ్బరికాయ, నిమ్మకాయలు, మూరెడు బంతిపూల దండ తీసుకున్నాం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చేతికి తాళం రాలేదు గానీ వెనక రాయించాల్సిన పాప పేరు రెండు రంగుల్లో కాగితం మీద గీసుకుని మరీ పోయాను.

బండి కొత్త టైర్ల మీద ధగధగలాడుతోంది. ప్రకాశం సారు సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, తాళం తిప్పాడు. ఒకసారి దగ్గింది. రెండోసారి తుమ్మింది. మూడోసారి మబ్బంత పొగ వదిలి దడదడమని లేచింది! కోళ్లు గోడ దూకాయి. చర్చిలోంచి పాస్టరుగారు పరుగెత్తుకొచ్చారు. ప్రకాశం సారు స్టీరింగు మీద తల పెట్టి, "యాదగిరీ, లేసింది రా!" అని ఏడ్చేశాడు. మా బావ, జన్మలో బర్రె చచ్చినా ఏడవనివాడు, తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

కాసేపయ్యాక నేను దండ పట్టుకుని ముందుకు జరిగాను. "సార్, ఇగ ఏ వంకా లేదు. బండి ఖాయం జేస్కుంట."

"ఏ బండి బిడ్డా?"

"గిదే సార్!"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గిదెందుకు అమ్ముత? నేను అమ్ముతనన్నది నడవని బండి గద. ఒక్కొక్క వంక జెప్పి, దగ్గరుండి అన్నీ నువ్వే తీపిస్తివి. ఇగ దీన్ని అమ్మెటందుకు నాకేం వంక మిగిల్నట్టు?"

నేను బావ వైపు చూశాను. బావ ఆకాశం వైపు చూశాడు.

"బర్రెలకైతే ఎన్నడు గిట్ల గాలే బామ్మర్దీ," అన్నాడు చివరికి. "తోక పొట్టిగున్నదంటె, మల్ల సంతకు అది పొడుగు జేస్కోని రాదు గదా!"

నా వెనక ఏదో శబ్దమైంది. సరిత నవ్వుతోంది. నిలబడలేక పెరట్లోనే చతికిలబడి, పాపను పట్టుకుని నవ్వుతోంది. ఆమెను చూసి కరుణమ్మ, ఆ తరువాత ప్రకాశం సారు, ఆఖరికి పాస్టరుగారు కూడా. నేనొక్కణ్ని ఎంతసేపని బిగపట్టుకోను?

"తెచ్చినవ్ గద, కొబ్బరికాయ కొట్టు బిడ్డా," అంది కరుణమ్మ. "పచ్చడి జేస్త."

పచ్చడి అన్నం తిన్నాక ప్రకాశం సారు మమ్మల్నందరినీ లారీ ఎక్కించి చెరువు కట్టదాకా తిప్పి తెచ్చాడు. ఆ వేసవిలో మా ఇంటికి స్లాబు పడింది. సామాను తోలడానికి పిలవకుండానే ఆ మూతి లారీ రెండు ట్రిప్పులు వచ్చింది. కిరాయి తీసుకోలేదు.

కాబట్టి పంచభూతాల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మనసుకు నచ్చినదానికి ఈ జన్మలో మళ్లీ వంక పెట్టను. కూరగాయల సంతలో కూడా ఈ నియమం తప్పను. నిన్ననే వంకాయలు తీసుకుంటుంటే, ఒకదానికి కన్నం కనిపించింది. "ఎంత మంచిగున్నయమ్మా!" అని మొత్తం కొనేశాను. ఇంటికి తెచ్చాక వంకలు పెట్టడం సరిత వంతయింది. వంకాయలకు కాదు, నాకు.