పొగ లేని పొయ్యి

ఉద్యమం నడిచిన రోజుల్లో నా పని పొగను కొలవడం. కట్టె తక్కువ తిని, పొగ తక్కువ వదిలే పొయ్యిని మా పరిశోధన బృందం తయారుచేసి, నెల్లికుదురు దగ్గరి తండాలో ఇంటింటికీ ఇచ్చింది. నేను మీటరు పట్టుకుని తిరుగుతూ అంకెలు రాసుకునేవాణ్ని. తండాలో ఒక కుర్రాడు ప్రత్యేక రాష్ట్రం కోసం ప్రాణం తీసుకున్న వారం కూడా అంకెలు రాసుకున్నాను. నాకేమీ అనిపించలేదు.

తర్వాత తొర్రూరులో వంటా వార్పూ పెట్టారు. నిరసనగా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకు తినడం. ఎండలో పొగ కూడా ఎందుకని మా పొయ్యి ఒకటి మోసుకెళ్లాను. ఆ కుర్రాడి తల్లి మూడు రాళ్ల మధ్య పచ్చికట్టెలు ఎగదోస్తోంది. ఇంట్లో ఆమె వండేది మా పొయ్యి మీదే.

“దీని మీద పెట్టక్కా, పొగ రాదు” అన్నాను.

ఆమె తలెత్తలేదు. “ఇంట్ల పొగ నా కండ్లకే సారూ. గీ పొగ ఢిల్లీ దాంక కనవడాలె.”

మా పొయ్యి మీద ఎవరో కూర్చుని సాయంత్రం దాకా ఉపన్యాసాలు విన్నారు. నేను అలవాటుకొద్దీ మీటరు తీసి ఆమె పొగలో పెట్టాను. అది చూపగలిగిన చివరి అంకె దగ్గర ఆగిపోయింది.

అదీ రాసుకున్నాను.