గుసగుస మాస్టారి సొంత మాట

మా మామయ్య సొంతంగా మాట్లాడిన మాటలన్నీ ఏరి ఒకచోట పోగేస్తే పోస్టుకార్డు కూడా నిండదు. మిగతావన్నీ ఎరువు తెచ్చుకున్న మాటలే. కవులవి, నాటకకర్తలవి, ఎప్పుడో కాలం చేసిన తత్వవేత్తలవి. ఓసారి కుళాయి పగిలి వంటిల్లంతా నీళ్లు పారుతుంటే, గుడ్డలు పట్టుకురమ్మని మా అమ్మ కేకలు పెడుతోంది. ఈయన గడప దగ్గర నిలబడి, "నీళ్లకు ఎవరి మీదా పగ ఉండదక్కా, అందుకే వాటితో పోట్లాడి గెలవలేం అన్నాడొక మహానుభావుడు" అన్నాడు. "ఆ మహానుభావుణ్ణి వచ్చి తుడవమను" అంది అమ్మ.

నేను పరీక్ష తప్పిన రోజున ఇంట్లో అందరూ మొహాలు మాడ్చుకుని కూర్చుంటే, "ఓడిపోయినవాడికి ఒక సుఖం ఉంది, వాణ్ణి చూసి ఎవరూ కుళ్లుకోరు" అని ఏదో నాటకంలో విదూషకుడి మాట నా చెవిలో ఊదాడు. నాకు నవ్వు ఆగలేదు. అమ్మకు ఒళ్లు మండింది.

అలా మాట్లాడడం ఆయన తప్పు కాదంటాను నేను. ఆయన ఉద్యోగమే అలాంటిది. నాటకాల హాల్లో ప్రాంప్టరు. స్టేజీ మీద రెండో పక్కతెర వెనక పొట్టి స్టూలు, రేకు మూత తొడిగిన చిన్న బల్బు, మోకాళ్ల మీద నాటకం ప్రతి. నటులెవరైనా మాట మరిచిపోతే అందించాలి. అది కూడా వాక్యమంతా కాదు, మొదటి మాట ఒక్కటే. ఆ మాట నటుడి చెవిన పడాలి, ముందు వరసలో కూర్చున్నవాళ్ల చెవిన పడకూడదు. అందుకే కంపెనీలో అందరూ ఆయన్ని గుసగుస మాస్టారు అనేవారు. బయట కూడా ఆయన గొంతు అంతకు మించి లేచేది కాదు. కూరగాయల కొట్లో ఈయన ఏమడిగాడో వాళ్లకు వినబడేది కాదు, వాళ్లు ఏమిచ్చారో ఈయన చూసుకునేవాడు కాదు. సంచీ విప్పాక అమ్మ తల పట్టుకునేది.

ఆ పనిలో మాట అందించడం కన్నా కష్టమైనది ఇంకోటి ఉంది. అందించకుండా నోరు మూసుకుని ఉండడం. నాటకం ప్రతిలో అక్కడక్కడా సంభాషణ మధ్యలో 'ఆగి' అని రాసి ఉంటుంది. అక్కడ నటుడు కావాలనే ఆగుతాడు. హాలంతా ఊపిరి బిగబట్టి ఉంటుంది. మరిచిపోయాడనుకుని ప్రాంప్టరు అప్పుడు గానీ నోరు జారాడా, సీను అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఆగాడా, మరిచిపోయాడా? అది పోల్చుకోవడమే అసలు విద్య అనేవాడు మామయ్య. ఆ విద్యలో ఆయనంతటివాడు లేడని కంపెనీలో పేరు.

మా అత్తయ్య ఆ కంపెనీలోనే నటి. ఆవిడ ఎన్నడూ మాట మరిచింది లేదు, పక్కతెర వైపు కన్నెత్తి చూసింది లేదు. ఆవిడ సీను వస్తే మామయ్యకు పనుండేది కాదు. చేతులు కట్టుకుని ఆవిణ్ణే చూస్తూ కూర్చునేవాడట. మనసు పారేసుకోవడానికి అంతకన్నా తీరిక ఏం కావాలి? పెళ్లయ్యింది. అమ్మ, నేను, వాళ్లిద్దరూ హాలు వెనక వీధిలో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం.

ఇక అక్కణ్ణుంచి మొదలైంది గొడవ. గొడవ అంటే గొడవ కాదు, గొడవ పడదామంటే మామయ్య దొరికేవాడు కాదు. అత్తయ్యకు కోపం వస్తే కోపం గురించి ఒక తత్వవేత్తను తెచ్చేవాడు. "తిట్టాలనిపిస్తే తిట్టండి. మీ నోటితో మీరు తిట్టండి. ఆ ముసలాయనతో తిట్టించకండి" అనేది ఆవిడ. తల దువ్వుకుని వచ్చి ఎలా ఉన్నానని అడిగితే ఒక కవిని తెచ్చేవాడు. "అది ఆయన ఎవరి కోసం రాసుకున్నాడో ఆవిడకు చెప్పుకోమనండి. మీకెలా ఉందో చెప్పండి" అనేది. మామయ్యకు ఎలా ఉందో ఆయన మొహం చూస్తే మా వీధి మొత్తానికి తెలిసేది. ఆవిడకు మాత్రం ఆ మాట చెవితో వినాలని ఉండేది. అదేమంత గొంతెమ్మ కోరికా?

దూరాన ఒక పెద్ద నగరంలో రేడియో స్టేషనువాళ్లు నాటకాల్లో వేషాలు వెయ్యడానికి అత్తయ్యను రమ్మన్నారు. మామయ్య హాలు వదిలి రాలేనన్నాడు. ఒక పొద్దున్న ఆవిడ సంచీ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి నిలబడింది. అప్పుడు నేను చిన్నదాన్ని. అమ్మ వంటింట్లోంచి చూసింది, తర్వాత ఆ ముక్క నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "ఎంతసేపు నిలబడిందనుకున్నావు! వీడు కాఫీ గ్లాసు పట్టుకుని కొయ్యబొమ్మలా చూస్తున్నాడు. 'వెళ్లకు' అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?" మామయ్య అనలేదు. ఆవిడ వెళ్లిపోయింది.

ఆ తర్వాత మామయ్య మళ్లీ పెళ్లి ఊసెత్తనివ్వలేదు. అత్తయ్య నాటకం ఉన్న మధ్యాహ్నాల్లో రేడియో ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పాత నాటకాలే కాబట్టి అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఆవిడ నోరు విప్పబోయే ముందు ఈయన పెదవులు కదిలేవి. ఆవిడకు వినబడదని తెలిసి కూడా ప్రతి వాక్యానికీ మొదటి మాట అందించేవాడు. నాకు కొన్నిసార్లు ఏడుపొచ్చేది, కొన్నిసార్లు ఆ రేడియో తీసుకెళ్లి నూతిలో పారెయ్యాలనిపించేది. "ఆ రోజు ఎందుకు నోరు మెదపలేదు మామయ్యా?" అని అడిగితే ఎడబాటు మీద ఒక కవిని తీసేవాడు. అడగడం మానేశాను.

నేను పెరిగి పెద్దయి అదే హాల్లో టికెట్లు ఇచ్చే పనిలో చేరాను. ఈ మధ్య కంపెనీవాళ్లు ఒక పాత నాటకం మళ్లీ వేస్తుంటే, ప్రధాన పాత్ర వేసే అమ్మాయికి గొంతు పూడుకుపోయింది. ఆ పాత్ర నోటికి వచ్చినవాళ్లు ఇంకొక్కరే ఉన్నారు. కబురు పెడితే అత్తయ్య వస్తానంది. ఆదివారం మధ్యాహ్నం ఆట వేసి, అటునుంచి అటే కారులో వెళ్లిపోతానంది.

ఆ వారమంతా మామయ్య నా టికెట్ల గదిలోనే మకాం పెట్టాడు. "ఉండిపొమ్మని అడుగుతానే. ఏమని అడగను?"

"అడిగి చూపించు."

గొంతు సవరించుకున్నాడు. "నువ్వు లేని ఇల్లు, దీపం ఆర్పిన రంగస్థలం..."

"అది రెండో అంకంలో రాజుగారిది."

ఇంకోటి తీశాడు. "జీవితం చిన్నది, అలకలు పెద్దవి..."

"అది మంత్రిది. పైగా ఆయన ఆ మాట చెప్పి విషం ఇస్తాడు."

మామయ్య నిజంగానే కంగారుపడ్డాడు. ఏ మూల వెతికినా ఎవరో ఒకరు ముందే వచ్చి కూర్చుని ఉన్నారు. అన్ని మాటలు నోటికొచ్చిన మనిషికి తనకు కావలసిన ఒక్కటి దొరకలేదు. నాకు నవ్వొచ్చింది గానీ, టికెట్ల కట్ట సర్దుతున్నట్టు తల దించుకున్నాను.

ఆదివారం ఆట మొదలయ్యాక కిటికీ మూసేసి వెళ్లి మామయ్య వెనక నిలబడ్డాను. అత్తయ్య జుట్టు నెరిసింది, గొంతు మాత్రం చెక్కు చెదరలేదు. మూడో అంకంలో 'ఆగి' అని ఉన్నచోట ఆగింది. ఆగి, ఎన్నడూ లేనిది, పక్కతెర వైపు తిరిగి సూటిగా మామయ్య మొహంలోకి చూసింది. మామయ్య ఒక్క క్షణం తటపటాయించి మొదటి మాట అందించాడు. ఆవిడ అందుకుంది. హాల్లో ఎవరికీ తేడా తెలియలేదు.

తెర పడ్డాక టీ తీసుకుని మేకప్ గదికి వెళ్లాను. తలుపు ఓరగా తీసి ఉంది. అత్తయ్య అద్దం ముందు కూర్చుని మొహం మీది రంగు తుడుచుకుంటోంది. మామయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్లలేదు. అవును, పొంచి విన్నాను. నా స్థానంలో ఉంటే మీరూ వినేవాళ్లే.

"ఇవాళ మాట మరిచిపోయావు" అన్నాడు మామయ్య.

"మరిచిపోలేదు. మిమ్మల్ని చూడాలనిపించింది, చూశాను." ఆవిడ అద్దంలోనే ఆయన వైపు చూసింది. "ఆ రోజు గుమ్మంలో కూడా చూశాను. అప్పుడెందుకు మాట్లాడలేదు?"

నేను టీ గ్లాసు గట్టిగా పట్టుకున్నాను. ఏ కవిని తెస్తాడో అని భయం. ఎవరినీ తేలేదు.

"ఆగావనుకున్నాను" అన్నాడు. "నువ్వెప్పుడూ మరిచిపోయేదానివి కాదు. ఇంకా ఏదో చెప్పబోతున్నావు, మధ్యలో ఆగావనుకున్నాను. నువ్వు ఆగినప్పుడు నేను మాట్లాడకూడదు కదా."

అత్తయ్య చేతిలో దూది అలాగే ఉండిపోయింది. "చెప్పడానికి నా దగ్గర ఏముందండీ? ఏమీ తోచకే నిలబడ్డాను. మీరొక మాట అందిస్తారని నిలబడ్డాను" అంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఉంది, కళ్లలోంచి నీళ్లు కారి సగం తుడిచిన రంగు చారలు కట్టింది. నాకు ఇద్దరి మీదా మండిపోయింది. ఇంత చిన్న ముక్క అడగడానికి, చెప్పడానికి జుట్లు నెరిసే దాకా కూర్చున్నారు.

బయట కారు హారను మోగింది. ఆవిడ మొహం కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని లేచింది. తలుపు దాకా వచ్చింది.

"ఆగు" అన్నాడు మామయ్య. గుసగుస కాదు. మేకప్ గది దాటి, స్టేజీ ఊడ్చేవాళ్లు కూడా తలెత్తి చూసేంత గట్టిగా అన్నాడు.

"ఇదెవరిది?" అని అడిగింది అత్తయ్య.

"నాదే."

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "బాగుంది. అప్పుడు చెప్పి ఉంటే ఆగేదాన్ని" అంది. "అక్కడ నాతో పాటు ఒకావిడ ఉంటుంది. రేడియోలో నాకు అమ్మగా వేసేది. ఇప్పుడు మంచం మీద ఉంది. నేను వెళ్లి లేపితే గానీ లేవలేదు. నేను కష్టంలో ఉన్నప్పుడు నన్ను చూసింది ఆవిడే. వదిలి ఎలా రాను, చెప్పండి?"

మామయ్య అవునన్నట్టు తలూపాడు. కారు దాకా సంచీ మోశాడు. కారు మలుపు తిరిగాక కూడా మేమిద్దరం ఆ ఎండలోనే నిలబడి ఉన్నాం.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గుమ్మంలో ఎదురుచూస్తోంది. మామయ్య అరుగు మీద కూర్చుని, ఆకలేసిన చిన్నపిల్లాడిలా, "అక్కా, నాకు ఆవిడ కావాలే" అన్నాడు.

అమ్మ ఆయన పక్కనే కూర్చుంది. వీపు నిమిరింది. జీవితమంతా ఆయన ఎరువు మాటలకు విసుక్కున్న మనిషి, చివరికి తనే బతిమాలింది. "ఏదైనా ఒక మాట చెప్పరా. మీవాళ్లెవరైనా దీని మీద రాసే ఉంటారుగా. అది చెప్పుకో, కాస్త తేలికపడతావు."

మామయ్య చాలాసేపు వెతికాడు. పెదవులు కదిలాయి కూడా.

"దీని మీద ఎవరూ రాయలేదక్కా" అన్నాడు.

రాశారు. బండ్లకొద్దీ రాశారు, అవన్నీ ఆయనకు నోటికి వచ్చని మా ఇద్దరికీ తెలుసు. అయినా అమ్మ, "రాయలేదులే నాన్నా" అంది.