జవాబు దగ్గర ఖాళీ జాగా

చంద్రపూర్‌లో నన్ను ఇప్పటికీ కొందరు ‘కొత్త సార్’ అంటారు. నేను చేరిన ఏడాది పుట్టిన పిల్లలకు కూడా పెళ్ళిళ్ళయ్యాయి కాబట్టి ఈ మాటలో కొత్తదనం పెద్దగా మిగల్లేదు. కాని ఆ బొగ్గు గనుల కాలనీ బడిలో ‘సార్’ అనే ఉద్యోగం ఒక్కటే ఉండేది. దాన్ని నాకంటే ముందు లెక్కలు చెప్పినాయనకు శాశ్వతంగా ఇచ్చేశారు. ఆయన చనిపోవడం అందుకు అడ్డం కాలేదు.

దీపావళి సెలవులయ్యాక ఒకరోజు ఆయన కూరగాయల సంచితో బజారు నుంచి వచ్చి, ఇంటి మెట్ల మీద కాసేపు కూర్చుంటానని కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. మార్చిలో పదో తరగతి బోర్డు పరీక్షలు. ఏడాది మధ్యలో లెక్కల సారు దొరకడం ఎక్కడైనా కష్టమే. ఆదిలాబాద్‌లో ఎం.ఎస్సీ. పట్టా పట్టుకుని ఖాళీగా ఉన్న నేను దొరికాను. మరాఠీలో చెప్పగలవా అని అడిగారు. చెప్పగలనన్నాను. సరిహద్దు ఊళ్ళో పుట్టినవాడికి సగం మరాఠీ ఎలాగూ వస్తుంది. మిగతా సగం పిల్లలు నేర్పారు.

దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాస్తున్న రోజులవి. కాలనీ మిద్దెల మీద డిష్‌లు లేచాయి. బస్టాండు దగ్గర కంప్యూటర్ క్లాసుల బోర్డులు వచ్చాయి. కాలనీలో ఎక్కువగా ఉన్న తెలుగు తండ్రులకు మాత్రం ఒకటే దిగులు. “ఇగ మీదికెళ్ళి సర్కారు నౌకర్లు ఉండయంట సార్. మార్కులుంటెనే బతుకు” అనేవారు. దేశం సంగతి ఏమో గాని, మా తరగతిలో మేం కిటికీలు మూసుకునేవాళ్ళం. దానికో కథ ఉంది.

మొదటి రోజు, పిల్లలకు వచ్చిన పాఠాలేమిటో చూద్దామని లంబకోణ త్రిభుజం సిద్ధాంతం చెప్పమన్నాను. తరగతి మొత్తం ఒకే గొంతుతో మొదలుపెట్టింది. ఆ గొంతు పిల్లలది కాదు. మధ్యవయసు మనిషి తీరుగా నిదానంగా, ప్రతి కారణం ముందు కొంచెం ఆగి, ‘అందువల్ల’ దగ్గర బరువు దింపినట్టు చెప్పారు. సగంలో అందరూ ఒక్కసారిగా ఆగారు. గొంతులు సవరించుకున్నారు. కిటికీ పక్కనున్న అమ్మాయి లేచి, మూసి ఉన్న కిటికీని ఒకసారి నెట్టి వచ్చి కూర్చుంది. సిద్ధాంతం మళ్ళీ సాగింది.

“ఎందుకు లేచినవమ్మా?”

“ఈడ కిటికీ మూస్తం సార్.”

“అది మూసే ఉంది గదా?”

“అవ్ సార్” అంది. నేను ఇంకేం అడుగుతానా అన్నట్టు చూసింది.

సంగతి ఏమిటంటే, సార్ ఆఖరు పీరియడ్‌లో రేఖాగణితం చెప్పేవాడు. సరిగ్గా ఆ వేళకు బడి పక్క రోడ్డు మీద బొగ్గు లారీల వరుస వెళ్ళేది. దుమ్ముకు ఆయన గొంతు సవరించుకుని కిటికీ వైపు చూసేవాడు, ఎవరో ఒకరు లేచి మూసేవారు. పిల్లలు ఆయన దగ్గర సిద్ధాంతం నేర్చుకున్నారు. ఏది లెక్క, ఏది లారీ అని విడదీసి చెప్పే అవకాశం ఆయనకు రాలేదు.

నేను నా కాలేజీ పద్ధతి చెప్పి చూశాను. చిన్నది, అందమైనది. పిల్లలు మర్యాదగా రాసుకున్నారు. మర్నాడు అడిగితే మళ్ళీ సార్ పద్ధతే, దగ్గుతో సహా అప్పజెప్పారు. బోర్డు పరీక్షలకు ముందు బడిలో పెట్టే ప్రిలిమ్స్‌లో ఆ సిద్ధాంతమే వచ్చింది. సగం దాకా రాసినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. కాపలా ఉన్న హిందీ సార్ ఇది కొత్తరకం కాపీ అనుకుని కిటికీ సందులన్నీ వెతికాడు. బల్లి దొరికింది.

నవ్వాను గాని, ఆ గదిలో ఒక్కణ్ణే ఉండాల్సి వస్తే త్వరగా బయటపడేవాణ్ణి. ఆ గొంతు తర్వాత కూడా రెండు మూడేళ్ళుండింది. ఎనిమిదిలో, తొమ్మిదిలో ఆయన దగ్గర చదివినవాళ్ళు పదికి వచ్చినంత కాలం పలచబడుతూ వినిపించేది. ఒక ఏడాది పిల్లలు ఎక్కడా ఆగకుండా సిద్ధాంతం చెప్పేశారు. కోరుకున్నది అదే. అయినా బోర్డు ముందు నేనే కాసేపు ఆగిపోయాను.

నేను చేరిన ఏడాది ఆ తరగతిలో నోరు విప్పని పిల్ల ఒకతే. సార్ కూతురు. వెనక బెంచీ. అందరూ తన తండ్రి గొంతుతో మాట్లాడుతుంటే పెన్సిల్ చెక్కుకుంటూ ఉండేది. ప్రిలిమ్స్ పేపర్లు దిద్దుతూ ఆ పిల్ల పేపర్ దగ్గరికి వచ్చాను. ప్రతి లెక్కా తప్పు లేకుండా చేసింది. ఆఖరి జవాబు మాత్రం ఏ ఒక్కదానికీ రాయలేదు. మరిచిపోయిందనడానికి లేదు. ఒక వరుస పట్టేంత తెల్లకాగితం జాగ్రత్తగా వదిలి, దాని కింద తర్వాతి లెక్క మొదలుపెట్టింది.

పిలిచి అడిగాను. “అయిపోయిన లెక్కను నడిమిట్ల ఇడిచిపెట్టుడేంది బిడ్డా? పెన్నుల ఇంకు ఒడిసిందా?”

“లేదు సార్.”

“మరి?”

ఆ ఖాళీల వైపే చూసింది. సరే, చూపిస్తే అర్థమవుతుందని మొదటి ఖాళీలో జవాబు నేనే రాసి పేపర్ చేతికిచ్చాను. తీసుకెళ్ళి బెంచీలో కూర్చుని, బ్లేడు తీసి, నేను రాసింది ఓపిగ్గా గీకేసింది. కాగితం చిరగలేదు. కోపంతో గీకి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. అతిథి కోసం వేసిన పీట మీద కూర్చున్న పిల్లిని దించినట్టు చేసింది.

అప్పటికి వాళ్ళింటి పరిస్థితి నాకు తెలుసు. పరీక్షలయ్యేదాకా క్వార్టర్‌లో ఉండమని బడివాళ్ళు దయతలిచారు. ఆ తర్వాత ఆ క్వార్టర్ నాకు. సార్ తరగతి, సార్ కుర్చీ, తర్వాత సార్ ఇల్లు. మిగతావి అడగలేదు గాని, ఇచ్చేట్టే ఉన్నారు. అందుకే వాళ్ళింటికి వెళ్ళడానికి మొహమాటపడ్డాను. వెళ్ళక తప్పలేదు.

తలుపు తీసింది కూతురే. “ఇల్లు చూస్కపోనికి వచ్చిండ్రా సార్? నల్లా పొద్దుగాలనే వస్తది. మాపటికి రాదు.”

“ఏయ్, సారుతోని గట్లనేనా మాట్లాడేది!” లోపలి నుంచి తల్లి. “కూసోండ్రి సార్. చాయ్ పెడ్త.”

ఖాళీల సంగతి చెప్పాను. ఆవిడకు అది వింతగా తోచలేదు.

“శిన్నప్పటిసంది గంతే సార్. లెక్కంత ఇది చేస్తది, ఆఖరుకు జవాబు వాళ్ళ బాపు రాస్తడు. రాసి కింద గీత కొట్టాలె. గీత కొట్టేదాంక బువ్వ తినకపోయేది. పరీక్షల్ల మాత్రం తనే రాసేది. ఇప్పుడు గది గూడ రాస్తలేదు.” కొంగు సర్దుకుంది. “లెక్కల్ల మార్కులొస్తే ఈడనే పాలిటెక్నిక్‌ల సీటొస్తది, హాస్టల్‌ల ఉంటది. రాకపోతే నాతోని లక్కడ్‌కోట్ వస్తది, మా తమ్ముని ఇంటికి. పత్తి ఏరుతది. మా తమ్ముడు మంచోడే సార్. చేను మంచిది గాదు.”

సీటు మార్కుల మీద ఉంది. ఒక్కో లెక్కలో జవాబుకొక మార్కు పోతే ఆ సీటు పక్క ఊరి పిల్లకెవరికో పోతుంది. అది లెక్క కట్టి మరీ చెప్పాను. కూతురు గుమ్మానికి ఆనుకుని విన్నది.

“నాకు ఎరుకే సార్. చేసి చూస్కున్న.”

“ఎరుకైతే రాయొచ్చు గదా?”

“నేను రాస్తే ఇగ అయిపోతది గద సార్.”

నా ఎం.ఎస్సీ.లో ఈ పాఠం లేదు. చాయ్ చల్లారిపోతోందన్నాను. ఎవరూ కాదనలేదు. తాగి వచ్చేశాను.

ఆ తర్వాత పరీక్షల దాకా ఆ పిల్లకు రోజూ లెక్కలిచ్చాను. రోజూ చేసింది, రోజూ ఖాళీలు వదిలింది. నేను దిద్దాల్సినవి దిద్దాను, ఖాళీల జోలికి పోలేదు. సాయంత్రాలు స్టాఫ్ రూమ్‌లో ఆ కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, ఎవరో వచ్చేదాకా కూర్చున్నట్టే ఉండేది. గుమ్మంలో అలికిడైతే తల ఎత్తేవాణ్ణి. చాలాసార్లు ప్యూనే.

పరీక్ష సెంటర్ ఊళ్ళో వేరే బడిలో పడింది. లెక్కల పేపర్ రోజు గేటు బయట తల్లిదండ్రులతో పాటు నేనూ నిలబడ్డాను. ఒకాయన కొబ్బరికాయ కొట్టాడు. ఇంకొకాయన గోడకు చెవి ఆనించాడు, లోపల లెక్కలు వినిపిస్తాయన్నట్టు. గంట కొట్టాక ఆ పిల్ల బయటికి వచ్చి, నా ముందు నుంచే వెళ్ళి బస్సెక్కింది. అడగడానికి ధైర్యం చాలలేదు.

క్వార్టర్ అప్పగించిన రోజు అడిగాను. సామాన్లు టెంపోలోకి ఎక్కాయి. తల్లి పక్కింటివాళ్ళకు చెప్పి రావడానికి వెళ్ళింది. కూతురు నాకు ఇల్లు చూపిస్తోంది. ఏ తలుపు గడియ ఎత్తి వేయాలో, ఏ గది వానకు కారుతుందో చెప్పింది.

“జవాబులు రాసినవా బిడ్డా?”

“రాసిన సార్.”

“అన్నిటికీ?”

“ఆ బడి మా బాపుకు ఎరుకలేదు సార్. ఎన్నడు పోలేదాడికి. ఆడికి రాడనిపించింది. నేనే రాసిన.” గడియను ఒకసారి ఎత్తి, దించి చూసుకుంది. “ఆఖరు లెక్కకు జాగ ఇడిచిన. ఒకవేళ తొవ్వ దొరకవట్టుకొని వస్తే ఎట్ల?”

తల్లి పిలిచింది. వెళ్ళిపోయారు.

ఆ ఇంట్లో ఎండాకాలమంతా ఒంటరిగా ఉన్నాను. పాలవాడు పొద్దున్నే ‘సార్’ అని పిలిచేవాడు. నేను తలుపు తీస్తే గిన్నెలో పాలు పోస్తూ నా భుజం మీదుగా లోపలికి చూసేవాడు. కొన్నాళ్ళకు నేను కూడా వెనక్కి తిరిగి చూసి గిన్నె పట్టడం అలవాటు చేసుకున్నాను.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. పాలిటెక్నిక్ సీటుకు సరిపోయి, ఇంకా మిగిలేంత వచ్చాయి ఆ పిల్లకు. హెడ్మాస్టర్ మార్కుల పట్టీలు చూస్తూ ఆమె దగ్గర ఆగాడు. లెక్కల్లో మా బడి మొత్తానికి మొదటిది. నిండు మార్కులకు ఒక్క మార్కు తక్కువ.

“అరే, చేతికి వచ్చింది పోగొట్టుకుంది. ఎక్కడో అజాగ్రత్త పడినట్టుంది పోరి” అన్నాడు.

“లేదు సార్. అక్కడే బాగా జాగ్రత్తపడింది” అన్నాను.

ఆయన కళ్ళద్దాల మీదుగా చూశాడు. కొత్త సార్ మాటలకు అప్పటికి బడిలో అలవాటుపడ్డారు. తర్వాతి పట్టీ తీశాడు.